ఇరుసు ముక్క

మొన్న ఆదివారం మా పెదనాన్న రాజమండ్రిలో కళ్ళు చూపించుకోవడానికి వచ్చి, పనైపోయాక మా ఇంటికి భోజనానికి వచ్చారు. డెబ్బై అయిదు దాటినా మనిషి నిటారుగానే ఉన్నారు. భుజం మీది కండువా తీసి, ఒకసారి దులిపి, మళ్ళీ వేసుకుంటే తప్ప ఆయన ఏ మాటా మొదలుపెట్టరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. భోజనాలయ్యాక మా ఆయన మర్యాదకి "మీ రోజుల్లో వ్యవసాయం ఎలా ఉండేదండీ" అని అడిగారు. కండువా దులిపారు. "ఏం చెప్పమంటారు అల్లుడుగారూ, ఓసారి సార్వా దమ్ముల్లో మా తమ్ముడి ట్రాక్టరు ఇరుసు విరిగిపోయిందండి..." అని అందుకున్నారు. ఆ కథ నేను ఎన్నో పెళ్ళిళ్ళలో, ఎన్నో కార్యాల్లో విన్నాను. అందులో వాన ఉంటుంది, ముదిరిపోతున్న ఆకుమడి ఉంటుంది, రామచంద్రపురం నుంచి వచ్చిన మేస్త్రీ ఉంటాడు, మూడు రోజులు తిండీ నిద్రా మానేసి దగ్గరుండి పని చేయించిన పెదనాన్న ఉంటారు. నేను ఉండను.

నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వింటున్నాను. ఇంతలో మా పాప తలలోని క్లిప్పు జారి ఫ్రిజ్ కిందికి పోయినట్టుంది. కథ మధ్యలో ఆపి పెదనాన్న అంటున్నారు: "దానికేడవడమెందుకే బుజ్జీ, నీ చెయ్యి సన్నంగా ఉంది కదా, వెనక్కి దూర్చు. ఆ... ఇంకొంచెం లోపలికి." నేను తొంగి చూసేసరికి నా అయిదేళ్ళ కూతురు నేల మీద బోర్లా పడుకుని, మోచెయ్యి దాకా ఫ్రిజ్ కింద పెట్టి ఉంది. ఫ్రిజ్ గుర్రుమంటోంది. నా చేతిలో గిన్నె ఏమైందో నాకు తెలీదు. "తియ్యి! చెయ్యి తియ్యి!" అని నేను అరిచిన అరుపుకి కింద వాటావాళ్ళు కూడా బయటికొచ్చారట. పాప బిక్కచచ్చిపోయి ఏడుపు అందుకుంది. మా ఆయన నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశారు. "ఏవిటే ఆ అరుపు, తేలు కుట్టినట్టు," అన్నారు పెదనాన్న. "పిల్ల దడుచుకుంది."

నేనేం అరిచానో, ఎందుకరిచానో ఆయనకి తెలియకపోవడానికే నాకు మండిపోయింది. పాప ఇప్పుడు నిద్రపోతోంది. నాకు మాత్రం ఆ కోపం ఇంకా దిగలేదు. అందుకే ఆ కథలో లేని మనిషిని నేనే కూర్చుని రాస్తున్నాను.

ఆ ట్రాక్టరు కడియం నర్సరీలకి ఎర్రమట్టి తోలిన బండి. నాన్న కొనేసరికే రెండు చేతులు మారింది. నీలం రంగు వెలిసిపోయి, మడ్‌గార్డుల మీద తుప్పు చిల్లులు పడి ఉండేది. అయినా మా వాకిట్లోకి వచ్చిన రోజున అమ్మ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పూజంతా చేసింది అమ్మే, ఎక్కకూడనిది కూడా అమ్మే. ఆడవాళ్ళు నాగలి ముట్టుకోకూడదని మా పెదనాన్న నియమం. ఎడ్లు పోయి ట్రాక్టరొచ్చాక ఆ నియమం కూడా నాగలి దిగి ట్రాక్టరెక్కింది. బండి బయలుదేరేటప్పుడు మేం ఎదురు రాకూడదు. దాని మీద చెయ్యి ఆనించకూడదు. అదే చేలో పొద్దుట నుంచి సాయంత్రం దాకా మోకాలి లోతు బురదలో వంగి నాట్లు ఊడ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే. ఆ నడుములకి మాత్రం ఏ నియమమూ అడ్డు రాలేదు. మా ఇంటికీ పెదనాన్న వాళ్ళింటికీ మధ్య గోడ ఉండేది గాని పెత్తనానికి గోడ లేదు. మా ఇంట్లో ఏ కూర వండాలో తప్ప మిగిలినవన్నీ ఆయనే చెప్పేవారు. నాన్న "అలాగే అన్నయ్యా" అనేవారు.

దమ్ముల రోజులంటే, నాట్లకి ముందు నీళ్ళు పెట్టి మడిని బురద చేసే ఆ రోజులంటే, నాకు ముందు గుర్తొచ్చేది వాసన. డీజిలు, తడిసిన గోనెలు, కుళ్ళిన పచ్చిరొట్ట బురదలో కలిసిన వాసన. అది నాన్న బట్టల్లోంచి, దండెం మీంచి, చివరికి మా దుప్పట్లలోంచి కూడా వచ్చేది. అమ్మ ఇంకా వెలుగు రాకుండానే పొయ్యి ముట్టించేది. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి, మాగాయ టెంక ఒకటి వేసి నాన్నకి క్యారేజీ కట్టేది. మరో గిన్నెలో పెదనాన్నకి వేడన్నం. ఆయన చద్దన్నం తినరు. చేలో పని నాన్నది, గట్టు మీద చుట్ట కాల్చడం ఆయనది, వేడన్నం కూడా ఆయనదే. ఈ లెక్క అప్పుడు నాకు తప్పనిపించలేదు. అమ్మకి తప్పనిపించిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

నాకప్పుడు పదకొండేళ్ళు. వానకి బడి లేదు. క్యారేజీ పట్టుకుని చేనికి వెళ్తే బోదె నిండా నీళ్ళు పారుతున్నాయి. నాన్న అవతల నుంచి బండి తెచ్చి, నన్ను ఎత్తి మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి దాటించారు. దాటాక దింపకుండా, నా రెండు చేతులూ తీసి స్టీరింగు మీద పెట్టి, పైన ఆయన చేతులు వేసి, మడి చివరిదాకా తోలారు. ఇనప దమ్ము చక్రాలు బురదని కోస్తుంటే వచ్చే చప్పుడు, నా అరచేతుల్లో ఆ వణుకు, చెవి దగ్గర నాన్న నవ్వు. మా నాన్న అంత పైకి నవ్వగా నేను మళ్ళీ వినలేదు. గట్టు మీద నుంచి పెదనాన్న చూశారు. చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించుకున్నారు.

నేను దిగి గట్టెక్కాక ఓ అరగంటకి బండి బోదె మూల ఊబిలో దిగబడింది. దమ్ము చక్రాలు తిరుగుతున్న కొద్దీ లోపలికే పోతున్నాయి. నాన్న దిగి, పక్క చేనువాళ్ళ ట్రాక్టరు తెచ్చి గొలుసుతో లాగిద్దామన్నారు. పెదనాన్న కండువా దులిపారు. "సిగ్గులేదట్రా? ఒకడి బండిని దేబిరించడమేంటి? దుంగ కట్టు."

మా వైపు అలా చేస్తారు. తాటి దుంగ ఒకటి వెనక చక్రాలకి అడ్డంగా గొలుసుతో బిగిస్తారు. చక్రం తిరిగితే దుంగ కిందికి పోయి, దాని మీదుగా బండి పైకి లేస్తుంది. లేస్తే లేస్తుంది. లేకపోతే ఆ బరువంతా ఇరుసు మీద పడుతుంది. ఒక్కోసారి బండి ముందు కాళ్ళెత్తి తోలేవాడి మీదే వెనక్కి తిరగబడుతుంది.

"అన్నయ్యా, పాత బండి కదా, ఇరుసేవన్నా..."

"నువ్వు పుట్టక ముందు నుంచీ చేస్తున్నాన్రా వ్యవసాయం. కట్టమన్నానా?"

"అలాగే అన్నయ్యా."

బండి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. నాన్న సీటు మీద వెనక్కి వాలిపోయి స్టీరింగు పట్టుకుని వేలాడుతున్నారు. అప్పుడు ఫెడేలుమని ఒక చప్పుడు. ముందు చక్రాలు దబ్బున బురదలో పడ్డాయి. కుడి పక్క చక్రం ఒరిగి, బండికీ దానికీ సంబంధం లేనట్టు నిలబడిపోయింది. నాన్న దిగలేదు. అలాగే కూర్చున్నారు. ఆ చప్పుడు రాకుండా ఉంటే, ఇరుసు విరక్కుండా ఉంటే, బండి ఇంకో జానెడు లేచి ఉంటే ఏమై ఉండేదో నాకు ఈ ఇరవై ఏళ్ళలో ఎన్నిసార్లు తోచిందో చెప్పలేను. నాకు పిల్ల పుట్టాక మరీ ఎక్కువగా తోస్తోంది. ఆ రోజు ఎవరికీ తోచలేదు. పెదనాన్న నోట వచ్చిన మొదటి మాట ఇది: "పొద్దున్నే ఆడపిల్లని బండెక్కిస్తే ఇంకేమవుతుంది!"

నేను నాన్న వైపు చూశాను. నాన్న బురద వైపు చూశారు.

ఇంటికొచ్చాక అమ్మ "ఎందుకెక్కావే?" అంది. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నేను ఎక్కలేదు, నాన్న ఎక్కించారు అని చెప్పచ్చు. కాని ఆ నవ్వు గుర్తొచ్చి చెప్పలేకపోయాను. ఇరుసు నా వల్లే విరిగిందని నమ్మేశాను. శుక్రవారం ఊడ్పుల వాళ్ళు వస్తామన్నారు. ఆ రోజు తప్పితే వాళ్ళు ఇంకో ఊరు వెళ్ళిపోతారు. నారు పోసిన ఆకుమడిలో ఆకు అప్పటికే ముదిరి పసుపు తిరుగుతోంది. ముదిరిన ఆకు ఊడిస్తే పిలక వెయ్యదు. అది పాడైతే ఆ కారు, అంటే ఆ సార్వా పంటకాలమంతా, మాకు పంట లేదు. అదంతా నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది.

కిరాణా కొట్టు పక్క ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే మర్నాడు రామచంద్రపురం నుంచి వీర్రాజు మేస్త్రీ వచ్చాడు. ఎండిపోయిన మనిషి, చెవి మీద పెన్సిలు, ప్రతి మాటకీ ముందు "ఆయ్". పక్క చేను ట్రాక్టరుతోనే, అదే గొలుసుతో, బండిని కళ్ళంలోకి లాగించారు. ముందురోజు ఏది సిగ్గన్నారో మర్నాడు అదే చేశారు. కొబ్బరి దుంగల మీద బండి వెనక భాగమంతా లేపి, చక్రం ఊడదీసి, ఇరుసు గొట్టం విప్పి, మేస్త్రీ విరిగిన ఇరుసుని గోనె మీద పడుకోబెట్టాడు. విరిగిన మొహం సగం నల్లగా ఉంది, సగం కొత్త వెండిలా మెరుస్తోంది.

"ఈ నల్లది పాత పగులండి," అన్నాడు. "మట్టి తోలినప్పుడే చీరుంటాది. అయినా ఈ కారు లాగేసేదేనండి. దుంగ కట్టారేంటి?"

"దుంగెవరు కట్టారోయ్?" అన్నారు పెదనాన్న.

మేస్త్రీ దమ్ము చక్రానికి ఇంకా వేలాడుతున్న గొలుసు వైపు చూశాడు. తర్వాత నాన్న వైపు చూశాడు. "ఆయ్. ఎవరూ కట్టలేదండి," అని పనిలో పడ్డాడు.

ఆ మాట నేను విన్నాను, నాన్న విన్నారు, పెదనాన్న విన్నారు. పాత పగులు, దాని మీద దుంగ. తేలిపోయింది. అయినా ఎవరూ నా వైపు తిరిగి "నీ తప్పు కాదమ్మా" అనలేదు. పెద్దవాళ్ళు తమలో తాము తేల్చుకున్నది పిల్లలకి చెప్పాల్సిన అవసరం లేదు కాబోలు. నాకు పదకొండేళ్ళు, చెప్పందే ఎలా తెలుస్తుంది? ఇప్పుడు నా కోపంలో సగం అక్కడే ఉంది.

రాజమండ్రి పాత ఇనప కొట్లో మేస్త్రీ ఇంకో బండి ఇరుసు వెతికి తెచ్చాడు. నా సోషలు నోటుబుక్కు అట్ట చించి గొట్టానికి ప్యాకింగు కత్తిరించాడు. అన్నీ సిద్ధమయ్యాక, విరిగిన ముక్కల్ని పగిలిన గాజుని అతికించినట్టు ఒకదానికొకటి పేర్చి చూసి "ఒకటి తక్కువొచ్చిందండి" అన్నాడు. బొటనవేలంత ముక్క. పళ్ళచక్రాలున్న పెట్టె అడుగున, ఆయిల్లో ఎక్కడో ఉండిపోయింది. అది తియ్యకుండా బిగిస్తే బండి కదిలిన మరుక్షణం లోపలి పళ్ళన్నీ నమిలేస్తుంది. అయస్కాంతం కట్టిన ఊచ పెడితే, చుట్టూ ఇనుమే కాబట్టి, ప్రతిదానికీ అంటుకుంటోంది. మేస్త్రీ చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోతోంది.

"పెట్టె మొత్తం విప్పేస్తే సుబ్బరంగా తీసెయ్యచ్చండి. రెండ్రోజులు పడతాది."

"రెండ్రోజులా! ఎల్లుండి శుక్రవారం!" పెదనాన్న చుట్టూ చూశారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. "ఇదిగో, దీని చెయ్యి చూడు, జొన్న దంటులా ఉంది. ఇలా రావే అమ్మడూ."

నేను కదల్లేదు. "బండి ముట్టుకోకూడదు కదా పెదనాన్నా?" అన్నాను. ఎదురు సమాధానం కాదు. నిజంగానే అడిగాను. ఇంకేం విరుగుతుందో అని నా భయం.

మేస్త్రీ నవ్వాపుకోలేకపోయాడు. పెదనాన్న కండువా దులిపారు. "పైన ఎక్కకూడదన్నాను గాని, లోపల చెయ్యి పెట్టకూడదన్నానా?"

గ్లాసులు కింద పెట్టాను. "గాజులు తీసెయ్యమ్మలూ," అన్నాడు మేస్త్రీ. కుడిచెయ్యి లోపలికి పెట్టాను. ఆయిలు ఆముదంలా చిక్కగా, చల్లగా ఉంది. కళ్ళతో చూసేదేమీ లేదు, అంతా వేళ్ళే చూడాలి. పళ్ళు, పళ్ళ సందులు, వాటి కింద అడుగు. ఇసకలాంటి రజను. ఏదో ముక్క కొస వేలికి తగిలి జారిపోయింది. "ఉంది! తగిలింది!" అన్నాను. అప్పుడు పెదనాన్న, కొంచెం తిప్పితే ముక్క పైకొస్తుందనుకున్నారో ఏమో, ఎవరికీ చెప్పకుండా అవతలి పక్కకి వెళ్ళి, గాల్లో ఉన్న ఎడమ చక్రాన్ని తిప్పారు.

"ఉండండుండండి బాబూ!" అని మేస్త్రీ అరిచాడు. అదే చక్రాన్ని రెండు చేతులా పట్టి వెనక్కి తిప్పాడు. నా చెయ్యి బయటికొచ్చింది. నల్లటి ఆయిలు మీద ఎర్రగా, చూపుడువేలి కొస నుంచి. నొప్పి తర్వాత వచ్చింది. ముందు నేను అనుకున్నది, ఇప్పుడు ఇది కూడా నేనే పాడు చేశానని.

మేస్త్రీ తన తలపాగా చింపి వేలికి కట్టాడు. "ఇంక వద్దండి. విప్పేద్దాం. రెండ్రోజులైతే అవనివ్వండి," అన్నాడు. అతనొక్కడే అన్నాడు ఆ మాట. పెదనాన్న చుట్ట కోసం జేబులు వెతుక్కుంటున్నారు. నాన్న నా పక్కన చతికిలబడి, కట్టు కట్టిన నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, బండి లోపలి చీకటి వైపు చూస్తున్నారు. వద్దు అనలేదు. పెట్టు అనలేదు. మా నాన్న మీద నాకున్న కోపమంతా ఆ నిమిషం గురించే. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇంకా పోలేదది.

నేను ఎడం చెయ్యి గాజులు కూడా తీసి మేస్త్రీకి ఇచ్చాను.

ఈసారి మేస్త్రీ బండి చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ పది అడుగులు వెనక్కి పొమ్మన్నాడు, పెదనాన్నతో సహా. తనే అవతలి చక్రాన్ని కావిలించుకుని నిలబడ్డాడు. ముక్క అడుగున, ఒక పక్కకి చేరి ఉంది. రెండు వేళ్ళతో పట్టుకుని, పళ్ళ మధ్యలోంచి ఒడుపుగా తిప్పి తీశాను. మేస్త్రీ దాన్ని గోనె మీది విరిగిన ఇరుసు దగ్గర పెడితే సరిగ్గా అతుక్కుంది. "ఆయ్! మేస్త్రీ నేను కాదండి, ఈ అమ్మలు," అన్నాడు.

గురువారం పొద్దుపోయేలోగా బండి లేచింది. దాన్ని కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టారు. బయలుదేరేటప్పుడు పెదనాన్న అన్నారు: "ఆడపిల్లని కాస్త పక్కకి నిలబడమనండి."

శుక్రవారం ఊడ్పులయ్యాయి. నా వేలు పుండు పడి, గోరు ఊడి, మళ్ళీ వచ్చినది నడిమికి చీలి రెండుగా పెరిగింది. ఇప్పటికీ అంతే. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు ఆ గోరు చూసి ఏంటని అడిగితే, నేను నోరు తెరిచేలోగా పెదనాన్న "చిన్నప్పుడు తలుపు సందులో పడిందండి" అన్నారు. అమ్మ "అవునండి" అంది. ఆడపిల్ల ట్రాక్టరు లోపల చెయ్యి పెట్టిందంటే ఏమనుకుంటారో అని. ఆ రోజు నుంచి అది తలుపే.

మొన్న ఆదివారం, పాప ఏడుస్తుంటే, నేను ఆ వేలు పెదనాన్న మొహం ముందు పెట్టాను. "ఇదెలా అయింది పెదనాన్నా? చెప్పండి."

ఆయన కొత్తగా చుక్కల మందు వేసిన కళ్ళు చికిలించి, నా వేలు పట్టుకుని దగ్గరగా చూశారు. "తలుపులో పడింది కదే?" అన్నారు.

అబద్ధం చెప్తున్నారేమోనని ఆయన మొహం వెతికాను. లేదు. ఆయన నమ్మేశారు. వెళ్ళి తన్నడానికి ఒక గోడ ఉంటుందనుకుని ఇన్నేళ్ళూ కాలు ఎత్తి ఉంచుకున్నదాన్ని, అక్కడ గోడే లేదు. "కాదు. మీరు చక్రం తిప్పారు," అన్నాను. మొత్తం చెప్పాను. దుంగ, గొలుసు, రెండు చేతులూ. కండువా తీశారు గాని దులపలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు. "ఏమోనే. గుర్తు లేదు," అన్నారు. బస్సు టైమయిందని లేచారు. నేను ఆపలేదు. మా ఆయన బస్టాండుకి దిగబెట్టి వచ్చి, ఫ్రిజ్ ప్లగ్గు తీసి, "అటు పట్టుకో" అన్నారు. ఇద్దరం కలిసి జరిపాం. రెండు నిమిషాలు పట్టింది. క్లిప్పు, ఒక పెన్సిలు ముక్క, బోలెడు దుమ్ము. అంతే. అంత చిన్న పని. ఆ రోజు పెట్టె విప్పడానికి రెండు రోజులు పట్టేది, నిజమే, ఆకు ముదిరిపోయేది. పదకొండేళ్ళ పిల్ల వేలికీ ఆకుమడికీ మధ్య ఏది ముఖ్యమో ఆలోచించి తేల్చుకున్నా నేను ఇంత మండిపడను. ఎవరూ ఆలోచించనే లేదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి రాయాలి. పాప తన మూడేళ్ళ వయసులో నా గోరు పట్టుకుని ఇదేంటని అడిగితే, నేను కూడా "తలుపులో పడిందమ్మా" అనేశాను. అప్పటి నుంచి అది ఏ తలుపూ వెయ్యదు. బాత్రూం తలుపు కూడా "అమ్మా, నువ్వు వెయ్యి" అంటుంది. మా ఇంట్లో ఏ పాపమూ ఎరగని తలుపులకి భయపడుతూ పెరుగుతోంది నా కూతురు.

అందుకని ఇందాక పడుకోబెట్టేటప్పుడు చెప్పాను. తలుపు కాదు, ట్రాక్టరు అని. నాన్న నవ్వుతో సహా, గాజులతో సహా. అది భయపడుతుందని, లేకపోతే "నొప్పి పుట్టిందా" అంటుందని అనుకున్నాను. అది నా వేలు వదిలేసి, నా ఎడం చెయ్యి తీసుకుని తిరగేసి చూసింది.

"ముక్క దొరికిందా అమ్మా?"

ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"దొరికింది," అన్నాను. "నేనే తీశాను."